తురక మార్చ్

మా ఊళ్లో మమ్మల్ని తురకోళ్లంటారు. టర్కీ ఎక్కడుందో అన్నవాళ్లకూ తెలియదు, అనిపించుకున్న మాకూ తెలియదు. ఆ పేరుకు రుజువుగా మా ఇంట్లో ఉన్నది ఒక్కటే. ఒక మార్చ్. మా నానా నోటు పుస్తకంలో, చేత్తో గీసిన అయిదు గీతల మీద నల్లసిరాతో రాసిన స్వరాలు. పైన ఉర్దూలో రెండే మాటలు - తుర్కీ మార్చ్. కట్టిందెవరో రాసిలేదు. మొదట్లో ఒకచోట, చివర్లో ఒకచోట సన్నగా 'ఆహిస్తా' అని ఉంది. మెల్లగా అని.

నానా, అంటే మా అమ్మీవాళ్ల నాయన, నిజాం ఫౌజులో బ్యాండు మనిషి. క్లారినెట్ వాయించేవాడు. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయింది. సంస్థానం పోయింది, ఫౌజు చెదిరిపోయింది. ఇంటికొచ్చేటప్పుడు నానా వెంట వచ్చినవి ఒక పాత క్లారినెట్, ఈ నోటు పుస్తకం. నల్లగొండ జిల్లాలో అత్తగారి ఊరు చేరి, నలుగుర్ని పోగేసి బ్యాండు పెట్టాడు. పెళ్లిళ్లు, జాతరలు, ఊరేగింపులు, ముసలివాళ్ల చావులు - ఎవరు పిలిస్తే వాళ్లకు. రాజు ముందు నడిచిన బాజా ఊరి ముందు నడవడం మొదలుపెట్టింది. నానా తర్వాత మామూ ఉస్తాద్ అయ్యాడు. మామూ చేతికొచ్చేసరికి క్లారినెట్లు తగ్గి సాక్సోఫోన్లు వచ్చాయి. "రోడ్ల మీద మోటర్ల మోత ఎక్కువైంది బేటా, క్లారినెట్ ఎవనికీ ఇనవడదు" అనేవాడు.

ఆరో తరగతిలో ఒకడు నన్ను "ఏయ్ తురకోడా" అంటే, "మా పేరు మీద మార్చ్ ఉంది, నీ పేరు మీద ఉందా?" అన్నాను. వాడి దగ్గర జవాబు లేదు. నాకు గుర్తున్నంతవరకు ఆ మాట పడ్డప్పుడు నేను గెలిచింది ఆ ఒక్కసారే. ఆ సంవత్సరమే, 1992 డిసెంబర్‌లో, అయోధ్యలో మసీదు కూల్చారు. ఆ తర్వాత ఆ మాటకు బరువు పెరిగింది.

సెలవుల్లో నేను మామూ బ్యాండులో ఝాంజ్ కొట్టేవాణ్ణి. రెండు ఇత్తడి పళ్లాలు. చేతులు నొప్పిపుట్టేవి కానీ ముందు వరసలో నడవడం గొప్పగా ఉండేది. 1993లో వినాయక నిమజ్జనం నాడు కూడా నడిచాను. మా బ్యాండుకు ఒక పద్ధతి ఉంది, నానా పెట్టిందే. ఊరేగింపు మసీదు గల్లీలోకి రాగానే ఉస్తాద్ చూపుడువేలు పైకెత్తుతాడు. సాక్సోఫోన్లు ఆగుతాయి. సైడ్ డ్రమ్ము అంచు మీద పుల్లతో టక్ టక్‌మని ఒక్కడే కొడుతుంటాడు, నడిచేవాళ్ల అడుగు తప్పకుండా. మసీదు దాటాక మళ్లీ వేలు దిగుతుంది, బాజా లేస్తుంది. గుడి ముందైతే ఆగి ఒక పాట వాయించేవాళ్లం. మసీదు ముందు మెత్తగా పోయేవాళ్లం. ఎవరికీ ఎవరూ చెప్పే పని ఉండేది కాదు.

ఆ సంవత్సరం మాత్రం మామూ వేలెత్తగానే కొందరు పిలగాళ్లు ముందుకొచ్చారు. "ఈడనే గట్టిగ కొట్టాలె సాయిబూ" అన్నారు. అందరూ తెలిసినవాళ్లే. ఒకడి అన్న పెళ్లికి మేమే వాయించాం. మామూ ఒక నిమిషం ఊరుకున్నాడు. సాక్సోఫోన్ నోట్లో పెట్టుకున్నాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు మాత్రమే వినబడింది - కటుక్కుమని. పైకి తీసి చూపించాడు. "రీడ్ పగిలింది బిడ్డా. గాలి పలుకుతలేదు" అన్నాడు. రీడ్ అంటే సన్నటి రెల్లు ముక్క, కొస కాగితమంత పల్చన. దాన్ని మామూ పంటితో కొరికి పగలగొట్టాడు.

ఆ రాత్రి మాకు కూలి ఇవ్వలేదు. మర్నాడు మసీదు దగ్గర పెద్దమనుషులు మామూను పిలిచి, "బొమ్మల ముందు బాజా వాయించేవాడికి ఇట్లనే అయితది. అసలు బాజానే హరామ్" అన్నారు. మామూ అక్కడా ఏమీ అనలేదు. ఇంటికొచ్చి కొత్త రీడ్ బిగించుకున్నాడు. నాకప్పుడు అర్థమైంది ఒకటే. గల్లీకి అటు నిలబడ్డవాళ్లకూ ఇటు నిలబడ్డవాళ్లకూ మామూ సొంతమనిషి కాడు.

తర్వాత నేను బాజా నుంచి దూరంగా జరిగాను. హైదరాబాద్‌లో బి.ఏ. చదివేటప్పుడు మా వాళ్లు ఏం చేస్తారని అడిగితే వ్యాపారం అనేవాణ్ణి. ఇంట్లో నా పెళ్లి మాటలు నడుస్తున్నప్పుడు ఒక షరీఫ్ ఖాందాన్‌వాళ్లు చాయ్ తాగి, ఖర్జూరాలు తిని, 'బాజేవాలే' అని తెలిసి మళ్లీ రాలేదు. ఇస్లాంలో అందరూ సమానం అనే మాట నేను ఎన్నో వ్యాసాల్లో రాశాను. రాసిన ప్రతిసారీ ఆ ఖాళీ చాయ్ కప్పులు గుర్తొచ్చేవి. పత్రికలో చేరాక ప్రతి రంజాన్‌కు హలీం మీద వార్త నాకే ఇచ్చేవారు. ఎక్కడైనా బాంబు పేలితే, 'మీవాళ్లు ఏమంటున్నారు?' అని కూడా నన్నే అడిగేవారు. నేను సినిమా మీద, నీళ్ల మీద, పత్తి ధర మీద కూడా రాయగలనని నిరూపించుకోవడానికి పదేళ్లు పట్టింది.

ఇక మనసున్న మిత్రులు ఉంటారు. వాళ్లు బిస్మిల్లా ఖాన్‌ను తెస్తారు. కరవది నుంచి శ్రీరంగం వెళ్లి స్థిరపడిన మన తెలుగువాడు, నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానాను తెస్తారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. ఇద్దరూ మహానుభావులే. వాళ్ల పేరు వింటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ నాకో సందేహం. ఈ దేశంలో మామూలు సాయిబుగా బతకడానికి చినమౌలానా అంత ఊపిరి ఉండాలా? సాదాసీదాగా వాయించే మా మామూ లెక్కలోకి రాడా?

మొన్నటి మాఘమాసంలో మామూ ఫోన్ చేశాడు. డెబ్బయ్యేళ్లకు దగ్గరపడ్డ మనిషి. "అన్న బిడ్డ పెండ్లి. బరాత్‌కు మనదే బాజా. నానా పుస్తకంలది తుర్కీ మార్చ్ తియ్యాలె. నువ్వు సదువుకున్నోనివి, వచ్చి కూసో" అన్నాడు. అన్న అంటే మా బ్యాండులో డోలు, డప్పు వాయించే మనిషి. మాదిగ ఇంటివాడు. నలభయ్యేళ్లుగా మామూ పక్కన నడుస్తున్నాడు. పీర్ల పండుగకు అలావా చుట్టూ డప్పు ఆయనదే, బోనాలకూ ఆయనదే. ఇద్దరికీ ఊళ్లో ఒకటే మర్యాద. పని ఉన్నప్పుడు పిలుస్తారు, పందిట్లో చివర కూర్చోబెడతారు.

పెళ్లికొడుకువైపు పిలగాళ్లు డీజే కావాలని పట్టుబట్టారట. ముందు బాజా, తర్వాత డీజే అని రాజీ కుదిరింది. ఇప్పుడు ఏ ఊళ్లోనైనా ఇదే లెక్క. ట్రాలీ మీద పెట్టిన పెట్టెలు పన్నెండు మంది ఊపిరిని ఒక్క మీట నొక్కి మింగేస్తాయి. మామూ బ్యాండులో మిగిలింది ఆరు సాక్సోఫోన్లు - ఒక సాప్రానో, మూడు ఆల్టోలు, రెండు టెనార్లు. ఒక సైడ్ డ్రమ్ము, ఒక పెద్ద డ్రమ్ము, ఝాంజ్, డప్పు. అందరూ యాభై దాటినవాళ్లే.

చిక్కేమిటంటే నానా పుస్తకంలో ఉన్నది ఒక్క క్లారినెట్ వరసే. మిగతా వాద్యాలు ఏం వాయించాలో లేదు. అది మొత్తం ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికాను. మొదటి రెండు వరసలు వాయించి వినిపిస్తే హైదరాబాద్‌లో సంగీతం చెప్పే ఒక మిత్రుడు వెంటనే చెప్పాడు. అది బీథోవెన్‌ది. 'ఏథెన్స్ శిథిలాలు' అనే నాటకానికి 1811లో కట్టిన సంగీతంలోది. టర్కీలో పుట్టలేదు, మాకోసం పుట్టలేదు. నలభై దాటిన వయసులో, ఆరో తరగతిలో గెలిచిన ఆ ఒక్క గెలుపు కూడా నా చేతిలోంచి జారిపోయినట్టయింది.

నాటకం కథ చదివాను. రాసింది కొట్సెబూ అనే జర్మన్ రచయిత. 1812లో హంగరీలోని పెష్ట్ నగరంలో కొత్త నాటకశాల తెరిచినప్పుడు ఆడారు. ఏథెన్స్ దేవత రెండువేల ఏళ్లు నిద్రపోయి లేస్తుంది. లేచి చూస్తే తన నగరం తుర్కుల చేతిలో ఉంది, గుడి శిథిలమై ఉంది, గ్రీకులు బానిసలై ఉన్నారు. అప్పుడు దర్వేషుల బృందగానం వస్తుంది. కాబా పేరు, ప్రవక్త పేరు అరుస్తారు. ఆ వెంటనే ఈ మార్చ్. దేవత ఇక అక్కడ ఉండలేక నాగరికతను వెతుక్కుంటూ పెష్ట్‌కు వెళ్లిపోతుంది. కథలో మేం ఎవరమో అర్థమైంది కదా! గుడి పాడుచేసినవాళ్లం. నిజానికి ఏథెన్స్‌లో పార్థెనాన్‌ను పేల్చింది 1687లో వెనిస్ సైన్యం విసిరిన ఫిరంగి గుండు. ఆ గుళ్లో మందుగుండు దాచింది తుర్కులు. ఇద్దరికీ అందులో వాటా ఉంది. కానీ శిథిలం ఎప్పుడూ ఒకరి ఖాతాలోనే పడుతుంది.

పుస్తకం మూసేసి మామూకు ఫోన్ చేసి, "ఇది మనది కాదు, వేరేది వాయిద్దాం" అందామనుకున్నాను. కానీ స్వరలిపిలో కిందివైపు మూడు గీతలు నన్ను ఆపాయి. అక్కడ రాసి ఉన్న వాద్యాలు మూడు: పెద్ద డ్రమ్ము, ఝాంజ్, ట్రయాంగిల్. ఈ మూడూ ఒక్కచోట కనబడితే యూరప్ సంగీతంలో దానికి ఒకటే పేరు. తుర్కీ సంగీతం.

ఉస్మానీ సుల్తానుల జానిసరీ సైన్యం ముందు మెహ్తర్ అనే వాద్యబృందం నడిచేది. దావుల్ అనే పెద్ద డోలు, జిల్ అనే ఇత్తడి తాళాలు, మన షెహనాయి కుటుంబానికే చెందిన జుర్నా, జంట నగారాలు. నగారా అనే మాట మనకూ వాళ్లకూ ఒకటే, అరబ్బీ నుంచి వచ్చింది. మన హైదరాబాద్‌లో బిర్లా మందిర్ ఉన్న గుట్ట పేరు నౌబత్ పహాడ్ అని గుర్తుంది కదా, ఆ నౌబత్ కూడా ఈ బాజా కుటుంబంలోదే. 1683లో తుర్కులు వియన్నాను ముట్టడించి ఓడిపోయారు. భయం పోయాక ముచ్చట మొదలైంది. పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్ రాజులు తమ సైన్యాల్లో ఈ డోళ్లు, ఝాంజ్‌లు పెట్టుకున్నారు. అక్కణ్నుంచి అవి నాటకశాలలోకి, ఆర్కెస్ట్రాలోకి నడిచి వచ్చాయి. 1782లో మొజార్ట్ తన ఆపెరాలో వాడాడు. ఆ తర్వాత వియన్నాలో కొన్ని పియానోలకు కాలితో తొక్కితే డోలు, గంట మోగే మీటలు కూడా పెట్టారు. బీథోవెన్ తన చివరి సింఫనీలో, 1824లో, మనుషులంతా సోదరులని పాడే చోట ఈ మూడింటినీ మోగించాడు. టర్కీలో మాత్రం 1826లో సుల్తానే జానిసరీలను రద్దు చేశాడు. వాళ్ల మెహ్తర్ కూడా పోయింది. రెండేళ్లకు ఇటలీ నుంచి ఒక బ్యాండు మాస్టారును పిలిపించుకున్నారు.

డోలును ఇంట్లోకి పిలిచారు, డోలుకొట్టేవాణ్ణి గుడి పాడుచేసినవాడిగా వేదిక మీద నిలబెట్టారు. ఇది ఎక్కడో విన్నట్టుంది కదూ? ఊరేగింపుకు సాయిబు బాజా కావాలి. అదే సాయిబు హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు అడిగితే, 'మాంసం వండుకుంటారు కదా' అంటారు. నేను అలాంటి గుమ్మాలు అయిదు దిగాను.

ఊరికి వెళ్లి మామూకు అంతా చెప్పాను. నాటకం కథ విని నవ్వాడు. "మియా, కథ వాళ్లది. డోలు మనది. వాయిద్దాం" అన్నాడు. పది రాత్రులు వాళ్లింటి అరుగు మీద కూర్చున్నాం.

పని అనుకున్నంత సులువు కాదు. మార్చ్ బి ఫ్లాట్ శృతిలో ఉంది. నానా క్లారినెట్, సాప్రానో, టెనార్ - మూడూ బి ఫ్లాట్ వాద్యాలే కాబట్టి నానా పేజీ ఉన్నదున్నట్టు వాళ్ల ముందు పెట్టొచ్చు, వాళ్లకది సి అవుతుంది. ఆల్టోలు ఇ ఫ్లాట్ వాద్యాలు. వాళ్లకు మొత్తం జి లోకి మార్చి రాయాలి. మూడు రాత్రులు మామూ చెబుతుంటే నేను రాశాను. మంద్రస్వరం పట్టే బారిటోన్ మా దగ్గర లేదు. అందుకని చెల్లోలు, పెద్ద బాసులు చేసే పని రెండో టెనార్‌కు ఇచ్చాం. దానికి బి ఫ్లాట్ మంద్రం అందుతుంది, కానీ అక్కడ సాక్సోఫోన్ మెత్తగా పలకదు. బర్రె అరిచినట్టు అరుస్తుంది. వయొలిన్లకు ఊపిరి అక్కర్లేదు, మనిషికి కావాలి. వయొలిన్లు ఒక్క ఊపున లాగే వరసను రెండు ఆల్టోలకు పంచి, ఒకరు ఊపిరి పీల్చేటప్పుడు ఇంకొకరు అందుకునేట్టు గుర్తులు పెట్టాం. స్వరం ముందు చిటికెలా తగిలే గమకాలు వేళ్లు వంగని ముసలివాళ్లకు కష్టం. సగం తీసేశాం. బీథోవెన్ చురుగ్గా పరుగెత్తించాడు. మామూ ఒప్పుకోలేదు. "ఫౌజు నడక వేరు, బరాత్ నడక వేరు. పెండ్లికూతురు ఎనక ఉంటది" అన్నాడు. వేగం తగ్గించాం.

ట్రయాంగిల్ లేదు. వెల్డింగ్ షాపులో ఇనుప చువ్వను మూడు మూలలుగా వంచి తెచ్చుకున్నాం. దాని మోత బాగానే ఉంది.

పెద్ద డోలు వరస వచ్చింది. యూరప్‌వాళ్లు తుర్కుల నుంచి డోలుతోపాటు కొట్టే పద్ధతి కూడా నేర్చుకున్నారని చదివాను. ఒక చేత్తో బరువైన కోలతో గట్టి దెబ్బ, రెండో చేత్తో సన్నటి బెత్తంతో తేలిక దెబ్బ. దీన్ని అన్నకు ఎట్లా చెప్పాలా అని ఆలోచిస్తూ మొదలుపెట్టాను. నేను సగం చెప్పకముందే ఆయన డప్పు ఒళ్లో పెట్టుకున్నాడు. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. సిర్ర పొట్టిగా లావుగా ఉంటుంది, చిటికెన పుల్ల పొడుగ్గా సన్నగా ఉంటుంది. ధన్ అని సిర్ర, చిట్ అని పుల్ల. "ఇదేనా తమ్మీ?" అన్నాడు. అదే. ఏ సుల్తానూ నేర్పలేదు, ఏ పుస్తకమూ చూడలేదు. తురకవాడి డోలు ఈ మాదిగవాడ డప్పు పక్కన కూర్చుంటే పోలిక ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. రెండూ చర్మమే, రెండింటికీ దెబ్బలు అలవాటే. ఆ రాత్రి నుంచి పెద్ద డ్రమ్ము వరస డప్పుకు పోయింది.

అసలు గొడవ మొదలు, చివర దగ్గర వచ్చింది. ఈ మార్చ్ వినబడీ వినబడనట్టు మొదలవుతుంది. పెరిగి పెరిగి మధ్యలో మోత మోగిపోతుంది. మళ్లీ తగ్గుతూ తగ్గుతూ మాయమవుతుంది. ఊరేగింపు దూరం నుంచి వచ్చి, మన ముందు నుంచి పోయి, దూరంగా వెళ్లిపోయినట్టు. నాకది చాలా అందంగా అనిపించింది. ఉన్నదున్నట్టు పెడదామన్నాను. సాక్సోఫోన్లు అంత సన్నగా పలకలేవు కాబట్టి, ఉపాయం కూడా చెప్పాను. మొదట ఒక్క టెనార్, తర్వాత ఒక్కొక్కరే కలవాలి. చివర ఒక్కొక్కరే ఆగిపోవాలి.

మామూ రెండుసార్లు వాయించి చూసి పక్కన పెట్టాడు.

"బేటా, ఇది రోడ్డు పక్కన నిలబడ్డోడు రాసిండు" అన్నాడు.

అర్థం కాలేదు నాకు.

"బాజా వస్తున్నదని, పోతున్నదని ఎవనికి అనిపిస్తది? నిలబడి చూసేటోనికి. నడిచేటోనికి బాజా దూరం ఎట్లయితది? ఆని ఒంటి మీదనే ఉంటది కదా. పుట్టినకాడికెల్లి నడుస్తున్న. నాకు నా బాజా ఎన్నడు సన్నగ ఇనవడలే. మనం యాడికి పోతం మియా, గట్ల మాయమయ్యెతందుకు?"

నేను జర్నలిస్టును. అస్తిత్వం మీద, పరాయీకరణ మీద సభల్లో మాట్లాడాను, వ్యాసాలు రాశాను. ఈ ఒక్క మాట నాకు తోచలేదు. చరిత్ర పాఠాల్లో మేం ఎప్పుడూ ఎక్కడినుంచో వచ్చినవాళ్లం. రాజకీయ ఉపన్యాసాల్లో ఎప్పుడూ ఎక్కడికో పోవాల్సినవాళ్లం. రావడానికీ పోవడానికీ మధ్య మా ముందు నుంచే నడిచినా మమ్మల్ని చూసేది రోడ్డు పక్కన నిలబడ్డ కళ్లే. మేం కూడా మమ్మల్ని ఆ కళ్లతోనే చూసుకోవడం నేర్చుకున్నాం. 'మీది ఏ దేశం?' అని అడక్కముందే నేను మా తాతముత్తాతల ఊళ్ల పేర్లు వల్లించడం మొదలుపెట్టేది అందుకే. బీథోవెన్‌ను నేను తప్పుపట్టడం లేదు. ఆయన నిలబడ్డచోటి నుంచి ఆయనకు వినబడింది రాశాడు. కానీ నడిచేవాళ్లు వాయించేటప్పుడు అది మారాలి.

"అయితే మెల్లగ అనేదే వద్దా? నానా కూడా 'ఆహిస్తా' అని రాసిండు కదా?" అన్నాను.

"కావాలె. కానీ మొదట్ల కాదు, ఆఖర్ల కాదు. నడుమ" అన్నాడు మామూ. "నడుమ మసీదు గల్లీ వస్తది."

అట్లా తిరగరాశాం. మొదటి అడుగు నుంచే ఆరుగురూ, డప్పూ. రెండో భాగం అయ్యాక ఉస్తాద్ వేలెత్తుతాడు. అయిదు సాక్సోఫోన్లు ఆగుతాయి, ఒక్క టెనార్ మాత్రం పైస్థాయిలో రాగం పట్టుకుని ఉంటుంది. సిర్ర ఆగుతుంది, చిటికెన పుల్ల నడుస్తుంది. దాని మీద ఆ ఇనుప చువ్వ. పదహారు గతులు అట్లాగే. వేలు దిగగానే అందరూ. చివరిదాకా అదే జోరు. ఇప్పుడు మెల్లగా అనే మాటకు దూరం పోవడం అని అర్థం లేదు. పక్కవాడి గుమ్మం వచ్చింది, అంతే. ఇది మసీదుకు ఒక్కదానికే కాదు. ఆస్పత్రి వచ్చినా, చావు ఇల్లు వచ్చినా, పసిబిడ్డ నిద్రపోతున్న ఇల్లు వచ్చినా మామూ వేలు లేస్తుంది. ఇది భయపడి నోరుమూసుకోవడం కాదు, అరిచి గెలవడమూ కాదు. 1993లో ఆ పిలగాళ్లకు తెలియని తేడా అదే. మెత్తగా వాయించడానికి గట్టిగా వాయించడంకన్నా ఎక్కువ ఊపిరి కావాలి.

పెళ్లినాటి రాత్రి నేను ఝాంజ్ పట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ల తర్వాత. భుజాలు పట్టేశాయి. బరాత్ బజారు దాటింది. చూసేవాళ్లకు అది బీథోవెనో, సినిమా పాటో, ఎవరికీ పట్టలేదు. ఆడవాళ్లు అడుగేస్తున్నారు, పిలగాళ్లు ఎగురుతున్నారు. ఒక ఆల్టో శృతి తప్పింది. రెండోసారి తిరిగేసరికి సాప్రానో ఒక వరస ఎగరగొట్టేశాడు. నడుస్తున్న బాజాకు అవేవీ ఆనవు.

మసీదు గల్లీ మొదట్లో మామూ వేలెత్తాడు. ఆగాల్సినవి ఆగాయి. టెనార్, పుల్ల, చువ్వ మిగిలాయి. ఎగురుతున్న పిలగాడొకడు, "ఏందే, ఆగిండ్రు?" అని అరిచాడు. నా గుండె ఒక్కసారి 1993కు పోయింది. అన్న వాణ్ణి చూడకుండానే, పుల్ల ఆపకుండానే అన్నాడు: "ఆగలే బిడ్డా. నడుస్తనే ఉన్నం."

పెళ్లికూతురు తండ్రి మాట. పిలగాడు ఊరుకున్నాడు. మసీదు మెట్ల మీద ఇద్దరు ముసలివాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇంకొకాయన బొటనవేలు చెప్పు మీద లయ వేస్తోంది. ఒక్క బాజాతో ఊరు మారిపోయిందని నేను చెప్పను. గల్లీ దాటాక అరగంటకు డీజే వచ్చింది, మా మాట ఒకరికొకరికి వినబడలేదు. సాక్సోఫోన్లు సంచుల్లో పెట్టుకుని పందిట్లో చివరి పంక్తిలో కూర్చున్నాం. ఈసారి వడ్డించింది అన్న కొడుకు.

తెల్లారి మామూ, నేను శుభ్రంగా ఇంకో ప్రతి రాశాం. ఉర్దూలో మామూ, తెలుగులో నేను. పైన 'తుర్కీ మార్చ్' అని ఆయన రాశాడు. దానికింద నేను 'తురక మార్చ్' అని రాశాను. ఇన్నేళ్లూ పడ్డ మాటను నా చేత్తో నేను రాయడం అదే మొదలు. కట్టింది బీథోవెన్ అని రాశాం. నానా రాసుకోలేదు కానీ బాకీ బాకీయే. నకలు చేసింది నానా అని రాశాం. నడుమ పదహారు గతుల దగ్గర ఆయన 'ఆహిస్తా' అని, నేను 'మెల్లగా' అని.

డప్పు వరస దగ్గర ఆగిపోయాం. అన్న వాయించినదాన్ని స్వరలిపిలో ఎట్లా పెట్టాలో మాకిద్దరికీ చేతకాలేదు. ప్రతి తిరుగుడుకూ ఏదో ఒకటి మారుస్తాడు. గీతలు గీసి, పక్కన ఆయన పేరు రాసి, ఖాళీగా వదిలేశాం. ఆయన కొడుకు పట్నంలో ఆటో నడుపుతున్నాడు. మామూ కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. నా కొడుక్కు ఝాంజ్ అంటే ఏమిటో తెలియదు. వచ్చే సెలవులకు వాణ్ణి తీసుకురమ్మని మామూ అన్నాడు. తీసుకుపోవాలి.